రూలు మారింది, ఫైలు మధ్యలో ఉంది: పని పద్ధతులు మార్చుకునే సంస్థలు తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖ ఆటోనగర్‌లోని ఫ్యాబ్రికేషన్ షెడ్లకి, రేవు దగ్గరి క్లియరింగ్ ఏజెంట్లకి, రొయ్యల ఎగుమతిదారులకి, పరవాడ వైపు ఒకటి రెండు మందుల కంపెనీలకి అప్రూవల్ సిస్టమ్‌లు (ఏ కాగితం ఎవరి సంతకం తర్వాత ఎవరి దగ్గరికి వెళ్ళాలో చూసుకునే వర్క్‌ఫ్లో సాఫ్ట్‌వేర్) పెట్టిచ్చి, తర్వాత వాటి బాగోగులు చూసుకోవడం నా పని. డెమో రోజు అడిగే ప్రశ్నలు ఒక రకం. పెట్టిన ఆరు నెలలకి, ఏదో రూలు మారిన మర్నాడు పొద్దున్నే ఫోన్ చేసి అడిగేవి ఇంకో రకం. ఇక్కడ ఎక్కువగా రెండో రకానికే జవాబులు రాశాను.

మాకు లెక్కలకి టాలీ ఉంది, కొనుగోళ్ళు, స్టాకు, లెక్కలు అన్నీ ఒకే చోట చూసే ఈఆర్‌పీ ఉంది. ఇంకా ఈ వర్క్‌ఫ్లో ఎందుకు?

వెల్డింగ్ రాడ్లు కావాలని షాప్ ఫ్లోర్ సూపర్‌వైజర్ ఇండెంట్ రాస్తాడు. స్టోర్స్‌లో స్టాకు చూస్తారు. లేకపోతే పర్చేజ్ వాళ్ళు మూడు కొటేషన్లు తెప్పిస్తారు, మేనేజరు చూసి సంతకం పెడతారు, పీఓ (కొనుగోలు ఆర్డరు) వెళ్తుంది. సరుకు వచ్చాక గేటు దగ్గర ఎంట్రీ, కాటా, జీఆర్‌ఎన్ (సరుకు అందినట్టు రాసే చీటీ), క్వాలిటీ చెకింగ్, బిల్లు పాస్, పేమెంట్. మామూలుగా ఈ ప్రయాణంలో టాలీకి ఎక్కేది చివరి రెండు మెట్లే. మిగతాదంతా చీటీల్లో, ఫోన్లలో, వాట్సాప్ గ్రూపుల్లో నడుస్తుంది. "నా ఇండెంట్ ఎక్కడుంది?" అని సూపర్‌వైజర్ అడిగితే ఎవరూ చెప్పలేరు.

ఆ కాగితం ఇప్పుడు ఎవరి బల్ల మీద ఉంది, ఎన్నాళ్ళుగా ఉంది, అక్కణ్ణుంచి ఎవరి దగ్గరికి వెళ్ళాలి అన్నవి చూసుకునేదే వర్క్‌ఫ్లో సాఫ్ట్‌వేర్. చాలా ఈఆర్‌పీల్లో ఇది లోపలే ఉంటుంది, ఎవరూ ఆన్ చేసుకోరు. కొత్తది కొనేముందు మీ దగ్గరున్నదాన్ని ఒకసారి తెరిచి చూడండి. నా వ్యాపారానికి నష్టమే అనుకోండి, అయినా చెబుతున్నాను.

ఇరవై ఏళ్ళుగా మాది ఒకటే పద్ధతి. మాకు మార్పులేమీ ఉండవు కదా?

ఉన్నాయి, మీరు లెక్క పెట్టలేదంతే. 2017 జులై 1న జీఎస్టీ వచ్చింది. బిల్లును ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేసే ఈ-ఇన్‌వాయిస్ 2020 అక్టోబర్ 1న 500 కోట్ల టర్నోవర్ దాటినవాళ్ళతో మొదలై, మెట్టు మెట్టుగా దిగుతూ 2023 ఆగస్టు 1కి 5 కోట్లు దాటినవాళ్ళ దాకా వచ్చింది. 2025 ఏప్రిల్ 1 నుంచి 10 కోట్లు, ఆపైన ఉన్నవాళ్ళు ఇన్‌వాయిస్‌ను 30 రోజుల్లోపు పోర్టల్‌కి ఎక్కించాలి. అదే ఏడాది సెప్టెంబర్ 22న జీఎస్టీ శ్లాబులు మారి, 28 శాతంలో ఉన్న సిమెంటు, ఏసీలు 18కి దిగాయి. ఇవన్నీ బయటి నుంచి వచ్చినవి. మీ మేనేజరు ఉద్యోగం మానేయడం, అచ్యుతాపురంలో రెండో యూనిట్ పెట్టడం, పెద్ద కస్టమరు "టెస్ట్ సర్టిఫికెట్ లేకుండా సరుకు తీసుకోం" అనడం లోపలి సంగతులు. ఇవి ఇంకా తరచుగా జరుగుతాయి.

ఒక్క ఉదాహరణ కాస్త దగ్గరగా చూడండి. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ 43బి(హెచ్) 2023-24 ఆర్థిక సంవత్సరం నుంచి అమలైంది. సూక్ష్మ, చిన్న పరిశ్రమల దగ్గర కొన్న సరుకుకి గడువులోపు డబ్బు ఇవ్వకపోతే, ఆ ఖర్చు ఆ ఏడాది లెక్కలో చెల్లదు, డబ్బు ఇచ్చిన ఏడాదిలోనే చెల్లుతుంది. రాతపూర్వక ఒప్పందం ఉంటే గడువు ఎక్కువలో ఎక్కువ 45 రోజులు, లేకపోతే 15. ఇక్కడే ఒక మెలిక ఉంది. సరుకు దిగిన 15 రోజుల్లో మీరు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే, దిగిన రోజే మీరు ఒప్పుకున్నట్టు. అంటే క్వాలిటీ వాళ్ళు "వచ్చే వారం చూస్తాం" అని పక్కన పడేసినా గడియారం నడుస్తూనే ఉంటుంది.

చూడ్డానికి ఇది అకౌంట్స్ సంగతి. కానీ మార్పు పడాల్సింది స్టోర్స్‌లో, క్వాలిటీలో: జీఆర్‌ఎన్ అయిన ఇన్ని రోజుల్లో చెకింగ్ పూర్తవ్వాలి, అవ్వకపోతే పైవాళ్ళకి మెసేజ్ వెళ్ళాలి, సప్లయర్ మాస్టర్‌లో (సప్లయర్ల వివరాల పట్టికలో) ఉద్యమ్ నంబరు (చిన్న పరిశ్రమగా నమోదైన నంబరు) ఉండాలి. చట్టంలో నాలుగు లైన్లు మారితే మీ దగ్గర మూడు డిపార్ట్‌మెంట్ల పని మారింది.

కొత్త రూలు సిస్టమ్‌లో పెట్టేశాం. మరి మధ్యలో ఉన్న ఫైళ్ళ సంగతేంటి?

అసలు ప్రశ్న ఇదే. కొత్త దారి, అంటే కాగితం నడవాల్సిన మెట్ల వరుస, గీయడం ఒక పూట పని. పాత దారిలో బయల్దేరి సగంలో ఉన్నవాటిని ఏం చేయాలన్నదే తలనొప్పి. నా మొదటి దెబ్బ ఇక్కడే తగిలింది, ఆ తప్పు పూర్తిగా నాదే.

ఆటోనగర్‌లో ఒక షెడ్డు. అక్కడ పాత పద్ధతి: జీఆర్‌ఎన్, బిల్లు పాస్, క్వాలిటీ, పేమెంట్. ఓనరు గారికి ఇది తలకిందులుగా ఉందనిపించింది, నిజమే కూడా. క్వాలిటీ అయ్యాకే బిల్లు పాస్ చేయాలన్నారు. రెండు మెట్లు అటూ ఇటూ మార్చడమే కదా అని నెలాఖర్లో ఒక సాయంత్రం ఆఫీసు మూసే వేళకి మార్చేసి ఇంటికెళ్ళిపోయాను.

మర్నాటి నుంచి రెండు రకాల తేడాలు బయటపడ్డాయి. బిల్లు పాసై క్వాలిటీ కోసం ఆగిన ఫైళ్ళున్నాయి కదా, అవి క్వాలిటీ అవ్వగానే కొత్త దారి ప్రకారం మళ్ళీ బిల్లు పాస్ దగ్గరికి వెళ్ళాయి. అకౌంట్స్ వాళ్ళు వరుసగా వచ్చినవాటిని వరుసగా పాస్ చేశారు. ఇద్దరు సప్లయర్లకి రెండేసి సార్లు డబ్బు వెళ్ళింది. ఒకాయన ఆయనే ఫోన్ చేసి తిరిగి పంపారు, రెండో ఆయన తర్వాతి బిల్లులో సర్దుకుందామన్నారు. రెండో రకం తేడా ఇంకా చెడ్డది, ఎందుకంటే అది చప్పుడు చేయదు. పాత దారిలో బిల్లు పాస్ దగ్గర ఆగిన ఫైళ్ళు అక్కణ్ణుంచి నేరుగా పేమెంట్‌కి వెళ్ళిపోయాయి. క్వాలిటీ అన్న మెట్టే వాటికి తగల్లేదు. చెకింగ్ లేకుండానే ప్లేట్లు కటింగ్‌కి వెళ్ళాయని మాకు తెలిసేసరికి రెండు వారాలైంది.

తర్వాత చదివితే తెలిసింది, ఈ గొయ్యిలో పడ్డ మొదటివాణ్ణి నేను కాదని. క్లారెన్స్ ఎలిస్, ఇంకో ఇద్దరు పరిశోధకులు 1995లోనే దీన్ని లెక్కప్రకారం రాసి పెట్టారు. వరుస మారినప్పుడు మధ్యలో ఉన్న పని ఒక మెట్టు రెండుసార్లు ఎక్కడమో, అసలు ఎక్కకపోవడమో జరుగుతుందని. నాకు అప్పటికి తెలియదు.

ఇప్పుడు నాలుగు దారులున్నాయని చెబుతాను. మధ్యలో ఉన్నవన్నీ పాత దారిలోనే పూర్తి కానివ్వడం. కుదిరినవాటిని కొత్త దారిలోకి మార్చడం. రద్దు చేసి మొదటి నుంచి పంపడం. లేదా ఒక్కొక్కటీ చేత్తో చూసి తేల్చడం. మొదటిది అన్నిటికన్నా క్షేమం, కానీ ప్రతిసారీ కుదరదు. పెద్ద ఫ్యాబ్రికేషన్ ఆర్డరు ఏడాది పాటు నడుస్తుంది, చట్టం అన్నాళ్ళు ఆగదు.

రెండో దారికి జర్మనీలోని ఉల్మ్ విశ్వవిద్యాలయంలో పీటర్ డాడమ్, మాన్‌ఫ్రెడ్ రైకెర్ట్ బృందం ఒక మంచి కొలబద్ద ఇచ్చింది. నా మాటల్లో చెప్పాలంటే: ఈ ఫైలు ఇప్పటిదాకా నడిచిన దారి కొత్త రూలులోనూ నడవగలిగేదేనా? నడవగలిగేదైతే నిక్షేపంగా మార్చుకోవచ్చు. కాకపోతే పాతదాంట్లోనే ఉంచాలి, లేదా మనిషి కూర్చుని చూడాలి. ఆ రోజు ఈ ఒక్క ప్రశ్న వేసుకుని ఉంటే, జీఆర్‌ఎన్ మాత్రమే అయినవాటిలో బిల్లు పాస్ బల్ల మీదున్నవాటిని క్వాలిటీకి వెనక్కి పంపేవాణ్ణి, బిల్లు పాసైనవాటిని పాత దారిలోనే వదిలేసేవాణ్ణి.

ఇప్పుడైతే మార్చే ముందు రోజు సాయంత్రం మధ్యలో ఉన్న ఫైళ్ళ పట్టీ ప్రింట్ తీస్తాను. ఏది ఏ మెట్టు మీద ఉందో, దాన్ని ఏం చేయబోతున్నామో పక్కన పెన్నుతో రాసి ఓనరు గారి చేత సంతకం పెట్టిస్తాను. పాతకాలం పనిలా ఉంటుంది, ఉండనివ్వండి.

రూలు మారిన ప్రతిసారీ దారి మార్చాలా?

అక్కర్లేదు. దారి వేరు, లెక్క వేరు. "25 వేల దాకా మేనేజరు, లక్ష దాకా జీఎం, ఆపైన ఎండీ" అన్నది లెక్క. దీన్ని దారిలో ఇరికిస్తే పరిమితి మారినప్పుడల్లా ప్రోగ్రామర్‌ని పిలవాలి. విడిగా ఒక పట్టికలో పెట్టి, పక్కన "ఏ తేదీ నుంచి" అన్న గడి పెడితే మీ అకౌంటెంటే మార్చుకుంటారు. ఇలాంటి నిర్ణయ పట్టికలకి డీఎంఎన్ అనే ప్రమాణం ఉంది, కానీ చిన్న సంస్థకి మామూలు పట్టిక చాలు. ఇంకోటి, దారిలో మనిషి పేరు ఎప్పుడూ పెట్టకండి, హోదా పెట్టండి. మనిషి మానేసిన రోజు ఫైళ్ళన్నీ ఎవరూ తెరవని లాగిన్‌లోకి పోయి కూర్చుంటాయి.

"ఏ తేదీ నుంచి" గడి విలువ 2025 సెప్టెంబర్‌లో తెలిసొచ్చింది. ఏసీ 20వ తేదీన షాపు నుంచి వెళ్ళింది, బిల్లు 24న కొట్టారు, డబ్బు 26న వచ్చింది. పన్ను 28 శాతమా, 18 శాతమా? జీఎస్టీ చట్టం సెక్షన్ 14 ప్రకారం సరుకు, బిల్లు, డబ్బు మూడిట్లో ఏ రెండు మార్పు తేదీకి ఒకే పక్కన పడతాయో ఆ పక్క రేటు వర్తిస్తుంది. ఇక్కడ బిల్లు, డబ్బు రెండూ 22 తర్వాతే కాబట్టి 18. రేటును మాస్టర్‌లో పాతది చెరిపి కొత్తది రాసినవాళ్ళు పాత రేటుతో వెళ్ళిన సరుకు వాపసు వచ్చినప్పుడు క్రెడిట్ నోట్ దగ్గర తల పట్టుకున్నారు. తేదీలతో రెండు వరుసలు ఉంచుకున్నవాళ్ళకి ఆ బాధ లేదు.

ప్రాసెస్‌ని బొమ్మ గీయాలంటున్నారు. బీపీఎంఎన్ (పని నడిచే దారిని గుర్తులతో గీసే పద్ధతి) నేర్చుకోవాలా?

మీరు నేర్చుకోనక్కర్లేదు, గీసేవాళ్ళకి వస్తే చాలు. 2011లో వచ్చిన రెండో వెర్షన్‌నే అందరూ వాడుతున్నారు, 2013లో అది ఐఎస్ఓ 19510 ప్రమాణం కూడా అయింది. అందులో బోలెడు గుర్తులుంటాయి. నేను మొదటి మీటింగులో వాడేవి నాలుగు: గుండ్రం (మొదలు, చివర), పెట్టె (పని), డైమండ్ (దారి చీలే చోటు), బాణం. అసలు మొదటి బొమ్మ నేను కంప్యూటర్‌లో గీయను. చార్ట్ పేపరు గోడకి అంటించి, మెట్టుకో చీటీ అతికిస్తాను. స్టోర్‌కీపర్ లేచి వచ్చి ఒక చీటీ పీకి ఇంకో చోట పెట్టాడంటే ఆ మీటింగు సఫలమైనట్టే.

మా వాళ్ళు సిస్టమ్‌లో ఒకటి చేసి, బయట ఇంకోటి చేస్తారు. ఏం చేయాలి?

తిట్టకముందు ఎందుకు చేస్తున్నారో చూడండి. ఒక షెడ్డులో జీఆర్‌ఎన్‌లన్నీ సాయంత్రం 5 నుంచి 5.40 మధ్యే పడుతున్నాయి. లారీలన్నీ సాయంత్రమే వస్తున్నాయనుకుని ఓనరు గారు గేటు దగ్గర ఇంకో మనిషిని పెట్టబోయారు. వెళ్ళి చూస్తే, స్టోర్స్‌లో కంప్యూటర్ లేదు. ఉన్న ఒక్కటీ అకౌంట్స్ గదిలో ఉంది, ఆ కుర్చీ 5 గంటలకి గానీ ఖాళీ అవ్వదు. స్టోర్‌కీపర్ పొద్దున్నుంచీ వచ్చినవి చేతి రిజిస్టర్‌లో రాసుకుని, చీటీలకి గుండుసూది గుచ్చి, ఐదింటికి వెళ్ళి అన్నీ ఒకేసారి ఎక్కిస్తున్నాడు. ఆయన తప్పేముంది? స్టోర్స్‌లో ఒక పాత ట్యాబ్లెట్ పెట్టాం, సరిపోయింది.

ఇంకో రకం ఉంది. ఆదివారం రాత్రి క్రేన్ బేరింగ్ పోతుంది. మూడు కొటేషన్లు ఎవరు తెస్తారు? ముందు కొనేసి, మంగళవారం పాత తేదీలతో కొటేషన్లు తెప్పించి ఫైలు "సరిచేస్తారు". రూలు బిగుతుగా ఉన్నంతకాలం ఈ దొంగ కాగితాలు తప్పవు. దానికన్నా "అత్యవసరం" అన్న దారిని మీరే తెరవండి: కొటేషన్ మెట్టు దాటేయొచ్చు, కానీ కారణం రాయాలి, ఎవరు దాటించారో పేరు పడుతుంది, నెలకోసారి ఆ జాబితా ఎండీ గారి ముందుకి వస్తుంది. ఆ జాబితా పెరుగుతోందంటే మీ రూలే సరిగ్గా లేదన్నమాట. మార్పు ఎక్కడ కావాలో మీకు చెప్పేది అదే, ఏ కన్సల్టెంటూ కాదు.

స్క్రీన్లు తెలుగులో ఉండాలా?

మెనూలన్నీ అక్కర్లేదు గానీ బటన్లు ఉంటే మంచిది. ఒక చోట క్వాలిటీ చూసే పెద్దాయన ఆరు నెలల్లో ఒక్కసారి కూడా "రిజెక్ట్" నొక్కలేదు. సరుకు అంత బాగుందా అంటే కాదు. "రిజెక్ట్ అంటే పార్టీని వద్దన్నట్టు కదండీ, ఎన్నో ఏళ్ళుగా సరుకిస్తున్నాడు" అన్నారు. తేడా ఉంటే ఫోన్‌లో చెప్పి మార్పించుకునేవారట, ఎక్కడా రాయకుండా. బటన్ మీద "సరిచేసి పంపండి" అని రాశాం. ఆ వారంలోనే నొక్కారు.

ప్రాసెస్ మైనింగ్ అంటున్నారు. మా స్థాయికి పనికొస్తుందా?

పేరు చూసి భయపడకండి. దీనికి కావాల్సినవి మూడు గడులు: ఫైలు నంబరు, జరిగిన పని, జరిగిన సమయం. వీటిని వరుసగా పేర్చి, కాగితం మీది దారి కాకుండా నిజంగా నడిచిన దారి ఏదో గీయడమే ప్రాసెస్ మైనింగ్. నెదర్లాండ్స్‌కి చెందిన విల్ వాన్ డెర్ ఆల్స్ట్ ఈ రంగానికి పెద్ద. ప్రోమ్, పీఎం4పై లాంటి ఉచిత పనిముట్లున్నాయి. నెలకి వందా రెండొందల ఫైళ్ళుంటే ఎక్సెల్‌లో లెక్కలు కూడి చూపే పివట్ పట్టిక చాలు. సాయంత్రం 5 గంటల జీఆర్‌ఎన్‌ల సంగతి నాకు దొరికింది పివట్‌లోనే. కాకపోతే ఒక్క హెచ్చరిక: అందులో కనిపించేది ఎంట్రీ పడిన సమయం, పని జరిగిన సమయం కాదు. షెడ్డుకి వెళ్ళి చూడకుండా నివేదిక రాస్తే గేటు దగ్గర అనవసరంగా ఇంకో మనిషి నిలబడతాడు.

మార్పులు చేస్తూ పోతే ఆడిట్‌లో ఇబ్బంది రాదా?

రాసి పెట్టుకుంటే రాదు. కంపెనీల చట్టం కింద నమోదైన కంపెనీలు 2023 ఏప్రిల్ 1తో మొదలైన ఆర్థిక సంవత్సరం నుంచి ఆడిట్ ట్రెయిల్ (మార్పుల జాడ) ఉన్న అకౌంటింగ్ సాఫ్ట్‌వేరే వాడాలి. ప్రతి మార్పూ తేదీతో నమోదవ్వాలి, దాన్ని ఆఫ్ చేసే వీలు ఉండకూడదు. ఇది లెక్కల పుస్తకాలకి పెట్టిన నిబంధన. అయినా అప్రూవల్ దారికీ అదే అలవాటు చేసుకోమంటాను. ప్రతి ఫైలు మీద అది ఏ వెర్షన్ దారిలో నడిచిందో పడాలి. "ఈ 40 వేల బిల్లుకి జీఎం సంతకం ఎందుకు లేదు?" అని రెండేళ్ళ తర్వాత ఆడిటర్ అడిగితే, "ఆ రోజుకి మేనేజరు పరిమితి 50 వేలు" అని చూపించగలగాలి. అది చూపించలేక, ఏ తప్పూ చేయని మేనేజరు తల వంచుకుని కూర్చోవడం చూశాను.

మాది మందుల కంపెనీ. మాకూ ఇంతేనా?

మీకు ఇంతకు నాలుగింతలు. అమెరికాకి పంపేవాళ్ళయితే ఎలక్ట్రానిక్ రికార్డులు, సంతకాల మీద 1997 నుంచి ఉన్న 21 సీఎఫ్ఆర్ పార్ట్ 11 నిబంధనలు మీకు తెలిసే ఉంటాయి. అక్కడ దారిలో ఒక డైమండ్ మార్చాలన్నా ఛేంజ్ కంట్రోల్ ఫారం తెరవాలి, ప్రభావం అంచనా వేయాలి, టెస్టు చేసి ఫలితాలు దాచాలి, క్వాలిటీ అష్యూరెన్స్ ఒప్పుకోవాలి, వాడేవాళ్ళకి ట్రైనింగ్ ఇచ్చినట్టు సంతకాలు ఉండాలి. "మా సాఫ్ట్‌వేర్‌లో ఐదు నిమిషాల్లో మార్చుకోవచ్చు" అని సేల్స్ అబ్బాయి గొప్పగా చెప్పేది మీకు గుణం కాదు, గండం. ఎవరు పడితే వాళ్ళు మార్చలేకపోవడమే మీకు కావాలి. పరవాడ ఫార్మా సిటీలో కొత్తగా చేరినవాళ్ళు కూడా ఇది వారంలో నేర్చుకుంటారు, నాకే ఏడాది పట్టింది.

ఎగుమతిదారులం. కస్టమ్స్ మెట్లు మన చేతిలో ఉండవు కదా?

ఉండవు. షిప్పింగ్ బిల్లు (ఎగుమతికి కస్టమ్స్‌కి ఇచ్చే పత్రం) వాళ్ళ పోర్టల్ ఐస్‌గేట్‌లో ఎలా నడవాలో కస్టమ్స్ వాళ్ళే చెబుతారు. మీ దారిలో వాటిని "బయటి నుంచి జవాబు కోసం ఆగు" అన్న మెట్లుగా మాత్రమే పెట్టండి, వాటి లోపలి సంగతి గీయకండి, వాళ్ళు మార్చినప్పుడల్లా మీరూ మార్చాల్సి వస్తుంది. మీ చేతిలో ఉన్నది ఏ దేశానికి ఏ కాగితాలు అన్న పట్టిక. 2025 ఆగస్టు 27న భారత సరుకు మీద అమెరికా సుంకం 50 శాతానికి చేరినప్పుడు రొయ్యలవాళ్ళు వేరే దేశాల కొనుగోలుదారుల వైపు చూశారు. యూరప్‌కి పంపాలంటే ఎగుమతి తనిఖీ ఏజెన్సీ ఇచ్చే హెల్త్ సర్టిఫికెట్ కావాలి, లేబుళ్ళు వేరు. దేశాన్ని బట్టి పట్టిక ఉన్నవాళ్ళు వరుస చేర్చుకున్నారు. అమెరికా దారి ఒక్కటే గట్టిగా కట్టుకున్నవాళ్ళు ఇంకో ఫైలు కవరు మీద స్కెచ్ పెన్నుతో రాసుకుంటూ నడిపించారు.

ఏ సాఫ్ట్‌వేర్ కొనమంటారు?

చిన్న, మధ్య స్థాయి సంస్థలకి ఈఆర్‌పీనెక్స్ట్‌లోని వర్క్‌ఫ్లో సరిపోతుంది. మన దేశంలో తయారైనదే, ఓపెన్ సోర్స్. స్థితులు, మార్పులు, ఎవరికి అధికారం అన్నవి స్క్రీన్ మీదే పెట్టుకోవచ్చు. ఒక్కటి గుర్తుంచుకోండి: ఏదైనా స్థితిని తీసేసే ముందు ఆ స్థితిలో ఫైళ్ళేమైనా ఉన్నాయేమో చూడాలి, లేకపోతే అవి అక్కడే ఇరుక్కుంటాయి. ప్రోగ్రామర్లు ఉన్న పెద్ద సంస్థలకి కముండా, ఫ్లోవబుల్ లాంటి ఇంజిన్లు. కొత్త వెర్షన్ ఎక్కించినా నడుస్తున్న ఫైళ్ళు పాత వెర్షన్‌లోనే సాగడం వీటికి సహజ గుణం, కావాలంటే మనం చెప్పి మార్చాలి. జోహో క్రియేటర్, పవర్ ఆటోమేట్ కూడా చూడొచ్చు.

ఏదైనా సరే, డెమోలో ఈ ఒక్క పరీక్ష పెట్టండి. ఒక ఇండెంట్‌ని సగం దాకా నడిపించమనండి. అక్కడ ఆపి, మీ ముందే ఒక మెట్టు చేర్చి, రెండు మెట్ల వరుస మార్చమనండి. ఇప్పుడు ఆ సగం ఇండెంట్‌ని ముందుకి నడిపించమనండి. "అది మా టెక్నికల్ టీం చూసుకుంటుందండీ" అన్నారంటే టీ తాగి పంపేయండి.

మార్పు ఎప్పుడు చేయాలి?

నెలాఖర్లో వద్దు, నేను తిన్న దెబ్బ పైన చదివారు. మార్చి నెలలో అసలే వద్దు. నెలవారీ జీఎస్టీ వేసేవాళ్ళకి 11న జీఎస్టీఆర్-1, 20న జీఎస్టీఆర్-3బి రిటర్నులు ఉంటాయి కాబట్టి 21 నుంచి 25 మధ్య మంగళ, బుధవారాలు నాకు ఇష్టం. శనివారం మార్చి సోమవారం చూద్దామనుకునే వెండర్లని నమ్మకండి, సోమవారం పొద్దున అందరూ ఒకేసారి ఎక్కుతారు. శ్రావణ మాసంలో, దసరా సెలవుల ముందు కూడా కుదరదు, సంతకం పెట్టాల్సినవాళ్ళు ఊళ్ళో ఉండరు.

నెట్ పోతే?

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను కొట్టినప్పుడు ఇక్కడ ఉన్నవాళ్ళని అడగండి. కరెంటు, ఫోన్లు రోజుల తరబడి లేవు. ఆ తర్వాత ఏ సిస్టమ్ పెట్టినా పక్కన నంబర్లు వేసిన కాగితం ఫారాలు ఒక కట్ట ఉంచుతున్నాను. నెట్ వచ్చాక వాటిని ఎక్కించేటప్పుడు "కాగితం మీద జరిగిన తేదీ", "ఎక్కించిన తేదీ" అని రెండు గడులుండాలి. సిస్టమ్ ఒక్క తేదీనే ఒప్పుకుంటే, మీ వాళ్ళ చేత మీరే అబద్ధం రాయిస్తున్నట్టు.

ఏఐ ఇవన్నీ చేసేస్తుందా?

బిల్లు స్కాన్ చదివి అంకెలు నింపడం బాగా చేస్తుంది. నోటితో చెప్పిన పద్ధతిని బొమ్మగా గీసి కూడా ఇస్తుంది, మొదటి చిత్తుకి పనికొస్తుంది. ఆదివారం రాత్రి బేరింగ్ సంగతి మాత్రం దానికి తెలియదు, ఎక్కడా రాసి లేదు కాబట్టి.

మార్చమని ఎవరు చెప్పాలి?

ఒక్కరే. ఎండీ గారు కారులోంచి ఫోన్ చేసి ఒకటి, జీఎం గారు కారిడార్‌లో ఇంకోటి, అకౌంట్స్ హెడ్ వాట్సాప్‌లో మూడోది చెబితే నా దగ్గర మూడు దారులు తయారవుతాయి. ఒక నోటు పుస్తకం పెట్టి అందులో తేదీ, ఏం మార్చాలి, ఎందుకు, ఎవరన్నారు అని రాయండి. ఆ పుస్తకంలో లేనిది నేను ముట్టుకోను. మొదట్లో కోపాలొస్తాయి, మూడో నెలకి వాళ్ళే పుస్తకం తెప్పించుకుంటారు.

మాది చిన్న ఆఫీసు. సాఫ్ట్‌వేర్ లేకుండా కుదరదా?

కుదురుతుంది. దొండపర్తిలో ఆరుగురుండే ఒక క్లియరింగ్ ఆఫీసుకి నేను సాఫ్ట్‌వేర్ అమ్మలేదు. అందరూ ఒకే గదిలో కూర్చుంటారు, ఫైలు ఎవరి దగ్గరుందో తల తిప్పితే కనిపిస్తుంది. నాలుగు ట్రేలు, ఒక తెల్ల బోర్డు. పద్ధతి మారితే ట్రే జరుపుతారు. రెండో బ్రాంచి పెట్టినప్పుడు పిలవమన్నాను.

మిమ్మల్ని పిలిచేముందు ఏం సిద్ధం చేసుకోవాలి?

ప్రాసెస్ మాన్యువల్ అక్కర్లేదు, ఉన్నా నేను చివర్లో చదువుతాను. ఈ మధ్య పూర్తయిన 20 ఫైళ్ళు బీరువాలోంచి తీసి పెట్టండి. మంచివి ఏరకండి, వరుసగా ఉన్నవి ఉన్నట్టు తీయండి. గుండుసూదితో గుచ్చిన చీటీలు, అంచుల మీద పెన్సిల్ రాతలు, "అర్జెంట్, సార్‌తో మాట్లాడాను" అని రాసిన పసుపు కాగితాలు ఉంటాయి. జెరాక్స్ తీసేటప్పుడు శుభ్రంగా పడాలని వాటిని పీకేయకండి. నేను చూడ్డానికి వచ్చేది వాటినే.